మన బడి మీదుగా గన్నవరానికి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరును కదా, పరిశ్రమల గురించి మాట్లాడమన్నారు. దాని బదులు మా ఇంటి వెనక గదిలో నేను కట్టుకున్న విమానం గురించి చెబుతాను. అది ఎగరదు, భయపడకండి. కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. తెర మీద ఆకాశం, నేల, రన్‌వే కనిపిస్తాయి, విమానం మనమే నడుపుతాం. మైక్రోసాఫ్ట్ వాళ్ళు తమ మొదటిదాన్ని 1982లోనే తెచ్చారు. నేను వాడేది ఎక్స్‌-ప్లేన్.

కీబోర్డుతో నడిపితే తృప్తి ఉండదు. అందుకని ప్లైవుడ్‌తో కాక్‌పిట్ చేశాను. సీటు పాత కారుది, పాత సామాన్ల కొట్లో దొరికింది. ఇంజను జోరు పెంచే థ్రాటిల్ మీట కింద 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ బిగించాను. మీట కదిపితే వోల్టేజి 0 నుంచి 5 దాకా మారుతుంది. ఆర్డునో అనే చిన్న బోర్డు దాన్ని 0 నుంచి 1023 లోపు అంకెగా మార్చి కంప్యూటర్‌కు పంపుతుంది. పదో తరగతిలో మన సైన్సు మాస్టారు రియోస్టాట్ మీద మీట జరిపి బల్బు వెలుగు తగ్గించి చూపలేదూ? దాని తమ్ముడే ఇది. కొన్నాళ్ళకు లోపలి కార్బన్ పట్టీ అరిగి, దుమ్ము చేరి, మీట ముట్టుకోకపోయినా ఇంజను గురక పెట్టడం మొదలెట్టింది. దాన్ని పీకేసి అయస్కాంతం, హాల్ సెన్సర్ పెట్టాను. అందులో రాపిడి లేదు కనుక అరుగుదల లేదు.

కాక్‌పిట్ తయారయ్యాక మొదట గన్నవరంలోనే దిగాలనుకున్నాను. చిన్నప్పుడు మన బడి మీదుగా విమానం వెళ్తే లెక్కల పీరియడ్ అయినా సరే కిటికీల దగ్గరికి పరిగెత్తేవాళ్ళం కదా! గన్నవరం రన్‌వే ఒక చివర 08, రెండో చివర 26 అని రాసి ఉంటుంది. అంటే దిక్సూచిలో దాదాపు 80, 260 డిగ్రీలు. ఆ దారి పట్టుకుని కిందికి చూస్తే మన ఊరుంది, రోడ్డుంది, బడి లేదు. ఆ జాగాలో ఏ దేశానివో ఏటవాలు కప్పుల ఇళ్ళున్నాయి. రోడ్ల వివరాలు మ్యాపుల నుంచి వస్తాయి కానీ, ఇళ్ళను ప్రోగ్రామే తన దగ్గరున్న నమూనాలతో నింపేస్తుంది.

సరే, నేనే కడదామనుకున్నాను. బ్లెండర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో గోడలు లేపి, వాటి మీద ఫొటోలు అతికించాలి. కొత్త భవనం రెండు ఆదివారాల్లో అయిపోయింది. కూలగొట్టేసిన పెంకుల షెడ్డుతోనే చిక్కు. ప్లాను లేదు. మా పదో తరగతి గ్రూప్ ఫొటోలో మా వెనక దాని తలుపు కనిపిస్తుంది. తలుపు ఏడడుగులనుకుని, ఆ లెక్కన గోడ, కిటికీలు, చూరు కొలిచాను. అడుగు అటూ ఇటూ ఉంటుంది.

పోయిన నెల సైన్సు మాస్టారిని ఇంటికి తీసుకొచ్చి ఆ సీట్లో కూర్చోబెట్టాను. బడి మీదికి రాగానే చెయ్యి చూపించి, "షెడ్డు వెనక్కి తిప్పరా" అన్నారు. తిప్పాను. ఉత్తరపు గోడ ఉత్త బూడిద రంగులో ఉంది. మాస్టారు కాసేపు చూసి, "మన సూర్యకుటుంబం ఏదిరా?" అన్నారు. ఆయన నిచ్చెన పట్టుకుంటే మేం గోడ మీద వేసిన బొమ్మ అది. శని గ్రహం వలయం పసుపా, తెలుపా అన్నది మా ఇద్దరికీ గుర్తు రాలేదు.

అందరూ ముందువైపే ఫొటోలు దిగారు. వెనక సైకిల్ స్టాండు దగ్గర ఎవరైనా దిగి ఉంటే, మీ భుజం పక్కన జానెడు గోడ కనిపించినా చాలు, ఆ ఫొటో నాకు ఇవ్వండి. స్కాన్ చేసుకుని సాయంత్రానికల్లా తిరిగిచ్చేస్తాను. భోజనాల దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. మాస్టారు కూడా నా పక్కనే ఉంటారు.