సూదిమొనంత గాయం – ఆరు గంటల గడువు
(యానాంలో ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఉపకార వేతనం అందుకున్నవారిలో ఐటీఐ, పాలిటెక్నిక్ చదువుతున్న పిల్లలున్నారు. రేపు మీరు బోటు ఇంజన్ల దగ్గర, మెకానిక్ షెడ్లలో, ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు. అందుకని మీ చేతుల గురించి నాలుగు మాటలు చెబుతాను.

కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 30, 35 పౌండ్లు. 100 పౌండ్లు ఉంటే చాలు, సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. గ్రీజు గన్ను, డీజిల్ ఇంజెక్టరు, హైడ్రాలిక్ గొట్టం, ఎయిర్‌లెస్ పెయింటు గన్ను – వీటిలో అది వేల పౌండ్లు. డీజిల్ ఇంజెక్టరు వల్ల అయిన ఇలాంటి గాయం గురించి వైద్య పత్రికలో 1937లోనే రాశారు. నాజిల్‌ను వేలితో తుడవబోయినా, కారుతున్న గొట్టాన్ని చేత్తో తడిమినా ఈ ప్రమాదం జరుగుతుంది. ఎక్కువగా దెబ్బతినేది ఎడమచేతి చూపుడు వేలు.

పైకి కనిపించేది సూదిమొనంత రంధ్రమే. మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం ఆ నూనె, రంగు అరచేతి దాకా పాకుతాయి. వాపు పెరిగి రక్తం ఆడక కండ చచ్చిపోతుంది. గ్రీజు కంటే పెయింటు, థిన్నరు మరీ ప్రమాదం. 2006లో వెలువడిన ఒక వైద్య సమీక్ష 435 కేసులను పరిశీలించింది. దాదాపు 30 శాతం మందికి దెబ్బతిన్న భాగాన్ని తీసేయవలసి వచ్చింది. థిన్నరు వంటివి ఎక్కినప్పుడు ఆరు గంటల లోపల ఆపరేషన్ చేసి శుభ్రపరిస్తే ఆ ముప్పు తగ్గిందని కూడా అందులో తేలింది.

కాబట్టి గాయమైన వెంటనే యంత్రం ఆపండి. ఉంగరం, గడియారం తీసేయండి. గాయాన్ని పిండవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా చుట్టి, చెయ్యి ఎత్తి పట్టుకోండి. ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక ఏమీ తినవద్దు, తాగవద్దు. ఏ పదార్థం, ఏ యంత్రం, ఎన్ని గంటలకు జరిగిందో డాక్టరుకు చెప్పండి. డబ్బా మీది లేబులు తీసుకువెళ్లండి. టీటీ ఇంజక్షన్, కట్టుతో సరిపెట్టుకోక, శస్త్రచికిత్స వైద్యుడికి చూపించమని అడగండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మనకు సుమారు 30 కిలోమీటర్లే. సాయంత్రం దాకా చూద్దామనుకుంటే ఆ ఆరు గంటలూ షెడ్డులోనే గడిచిపోతాయి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మేస్త్రీ కోప్పడతాడనో, ఆ రోజు కూలి పోతుందనో పిల్లలు చిన్న గాయాన్ని దాస్తారు. ఇంటికి రాగానే వేలు చూపించమని అడగండి. మీ పిల్లలు నేర్చుకున్న పని వారి చేతుల్లోనే ఉంది.