వేడిమి జమాఖర్చు

మీ మనుమలు కళాశాల పుస్తకములు ముందిడుకొని ఉష్ణము, పని, ఎంథాల్పీ అను మాటలతో కుస్తీపట్టుట మీరు చూచియుందురు. ఆ లెక్కలు మనకేల యని తొలగిపోవలదు. జమాఖర్చు చదువనేర్చినవారికి ఇవి కష్టములు కావు. పొయ్యిమీది ఎసటికుండ యొక్కటి చాలును.

కుండలో 5 లీటర్ల నీరు పోసి ఎసరు పెట్టితిమనుకొనుడు. అప్పటి నీటి వేడిమి 30 డిగ్రీలు. లీటరు నీటికి ఒక డిగ్రీ హెచ్చించుటకు పట్టు ఉష్ణమును ఒక కిలోకేలరీ యందురు. నీరు మరుగుట 100 డిగ్రీల కడ. కావున హెచ్చవలసినవి 70 డిగ్రీలు. 5 లీటర్లకు 350 కిలోకేలరీలు. ఇంతవరకు వట్టి గుణకారమే.

నీరు మరిగిన పిదపను మంట తగ్గింపక, కట్టెలు ఎగదోయుచు, లీటరు నీరు ఆవిరియై పోవువరకు ఉంచితిమేని ఎంత వ్యయము? డిగ్రీ యొక్కటియు పెరుగదు. అయినను సుమారు 540 కిలోకేలరీలు పట్టును. చూచితిరా! అయిదు లీటర్లను మరగించుటకంటె ఒక లీటరును గాలిలో కలుపుటకు హెచ్చు కట్టెలు కావలెను. బియ్యము ఉడుకుట నీటి వేడిమినిబట్టియే గాని తెర్లునుబట్టి కాదు. మూత పెట్టి రెండు కట్టెలు వెనుకకు లాగిన ఇల్లాలు ఈ లెక్క వ్రాయకయే చేసినది.

ఈ 540 ఎచ్చటికి పోయినవి? నీటి కణములను ఒకదానినుండి యొకటి విడదీయుటకు సుమారు 500 పట్టినవి. తక్కిన 40 పని క్రింద చెల్లినవి. లీటరు నీరు ఆవిరియై సుమారు 1,670 లీటర్ల చోటు కోరును. ఆ చోట అదివరకే గాలి యున్నది, దానిని త్రోసివేయవలెను. ఆ త్రోపే పని. ఇంగ్లండు దేశపు జేమ్స్ జౌల్ 1840 దశకమున, దిగుచున్న బరువులు నీటిలో తెడ్లను త్రిప్పునట్లు అమర్చి, ఆ చిలుకుటవలన నీరెంత వేడెక్కునో కొలిచెను. నేటి లెక్కలో ఒక కిలోకేలరీ 427 కిలోల బరువును మీటరెత్తు లేపుటతో సమానము. ఆ 40 కిలోకేలరీలు 17,000 కిలోల బరువును మీటరెత్తు లేపగలవు! పూర్వము రైలుబండ్లను లాగినది ఆవిరియొక్క ఈ త్రోపే.

విద్యార్థులు తడబడునది కూడిక తీసివేతల గుర్తుల కడ. ఎవరి దస్తరము వ్రాయుచున్నామో మొదట నిశ్చయించుకొన్నచో చిక్కులేదు. ఇది నీటి దస్తరము. దానికి వచ్చిన ఉష్ణము జమ, అది చేసిన పని ఖర్చు, మిగిలినది లోపలి నిల్వ: 540లో 40 పోగా 500. లోపలి నిల్వయు, గాలిని త్రోసిన పనియు కలిపిన మొత్తమే ఎంథాల్పీ పెంపు. మన కుండ బయటిగాలి ఒత్తిడికి లోబడినది. ఆ ఒత్తిడి మారదు. అట్టిచోట పుచ్చుకొన్న ఉష్ణమెంతో ఎంథాల్పీ పెంపు అంతే.

ఇక కుంపటి లెక్క. ఇది ప్రాణములతో కూడినది. 1840లో రష్యాదేశమున హెస్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక నియమము తెలిపెను. మొదలును తుదియు ఒకటియైనచో, ఏ దారిని పోయినను మొత్తపు ఉష్ణము ఒకటే. 12 గ్రాముల శుద్ధమైన బొగ్గు పూర్తిగా కాలి బొగ్గుపులుసు వాయువైనచో 94 కిలోకేలరీలు వెలువడును. గాలి చాలక సగము కాలినచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. ఈ సగము కాలుటను విడిగా కొలుచుట దుర్ఘటము. కొంత పూర్తిగా కాలిపోవుచునే యుండును. కాని ఆ మోనాక్సైడును పట్టి కాల్చినచో 68 వచ్చుట కొలువవచ్చును. 94లో 68 తీసివేయగా 26. గాలి చాలని బొగ్గు మనకిచ్చునది ఇంతే. తక్కినది వాయువులో దాగిపోవును.

ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువును మోయు పదార్థమును పట్టుకొని సులభముగా విడువదు. చలికాలమున బాలింత గదిలో తలుపులు బిగించి కుంపటి పెట్టు అలవాటు మన ఇండ్లలో కలదు. పొగ లేదుగదా, నిప్పు ఎఱ్ఱగా నున్నదిగదా యని నమ్మరాదు. అప్పుడును ఆ వాయువు పుట్టుచుండును. కుంపటి యున్నంతసేపు తలుపును కిటికీని తెరచియుంచుడు. తల్లికి తలనొప్పియో వాంతియో తోచినచో తల్లిని, బిడ్డను వెంటనే ఆరుబయటికి తీసికొనిపొండు. ఇంటివారు నిద్రపోవుటకు ముందే కుంపటిని వాకిట పెట్టించుడు.