విశ్వాసమును తర్కమును



విశ్వాసమున్నచోట తర్కమునకు తావు లేదని కొందరందురు. మన కోయిలకుంట్లకు పొరుగుననున్న నంద్యాల క్రైస్తవుల చరిత్ర అట్లు చెప్పదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసునందు ఆంగ్లికన్, మెథడిస్టు మున్నగు శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడెను. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు పెక్కుమంది అందు చేరలేదు. గురుత్వము అపొస్తలుల నుండి బిషపుల హస్తనిక్షేపణముచే పరంపరగా వచ్చినదనియు, బిషపు అభిషేకింపనివానిని గురువుగా నంగీకరించినచో ఆ గొలుసు తెగుననియు వారి వాదము. ఎదుటివారి సమాధానమును బలమైనదే: శిష్యులందరు ఏకమై యుండవలెనని క్రీస్తే ప్రార్థింపగా, దేవుడు ఫలింపజేసిన పరిచర్యను మనుష్యుడు కాదనుటెట్లు?

ఒకే వేదగ్రంథము, రెండు తీర్పులు. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్ష మండలమయ్యెను. అటు దక్షిణ ఇండియా సంఘమున 1947 తరువాతి గురువులందరును బిషపులచేతనే అభిషిక్తులగుచుండుటచే వివాదమూలము క్రమముగా సన్నగిల్లెను. 1975లో నంద్యాల ఆ సంఘమున చేరెను.

ఎదుటి వాదమును వినజాలని విశ్వాసము తన్ను తాను సమర్థించుకొనజాలదు. కావుననే గ్రంథాలయమున ఇరువాదముల పుస్తకములును ఒకే బీరువాలో నుండవలెను.