ఫ్యాను ఆగాక



ఇక్కడున్నవాళ్లలో చాలామంది జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం మందుల ఫ్యాక్టరీల్లో ఏహెచ్‌యూలు, అంటే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్లు చూసుకునేవాళ్లే. వాటిని నడపడం మీకు నేను నేర్పక్కర్లేదు. ఆపిన ఏహెచ్‌యూ గురించి మాట్లాడతాను. తిరుగుతున్న ఫ్యానులో ఎవరూ చేయి పెట్టరు. ఆగిందనుకున్న ఫ్యానులోనే పెడతారు.

ప్యానెల్ మీద స్టాప్ నొక్కినంత మాత్రాన పని అయిపోలేదు. టైమర్ వేళయిందనో, గదిలో తేమ పెరిగిందనో బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (బీఎంఎస్) మళ్లీ స్టార్ట్ ఇవ్వవచ్చు. కరెంటు పోయి వస్తే దానంతటదే లేచే యూనిట్లూ ఉన్నాయి. కాబట్టి ఐసోలేటర్ ఆఫ్ చేసి, తాళం వేసి, ట్యాగ్ కట్టాలి. ఆ తాళంచెవి సూపర్‌వైజర్ టేబుల్ మీద కాదు, పనిచేసేవాడి జేబులో ఉండాలి. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు. ఆ తర్వాత ఒకసారి స్టార్ట్ నొక్కి, లేవడం లేదని కళ్లారా చూసుకోండి. మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ తెరవాలంటే ఇంకా ఆగాలి. దాని కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచే ఉంటుంది. కవరు మీద రాసినన్ని నిమిషాలు ఆగి, మీటర్ పెట్టి చూశాకే ముట్టుకోండి.

కరెంటు తీసేసినా ఫ్యాను తిరగొచ్చు. ఒకే డక్టుకు రెండు యూనిట్లు కలిసినచోట నడుస్తున్నదాని గాలి వెనక్కి తన్ని ఆగినదాన్ని తిప్పుతుంది. మెల్లగానే తిరుగుతుంది, కానీ బెల్టుకీ పుల్లీకీ మధ్య వేలు నలగడానికి అది చాలు. డ్యాంపర్ మూసి, ఫ్యాను కదలకుండా కట్టాకే గార్డు విప్పండి. కొత్త బెల్టును స్క్రూడ్రైవర్‌తో పుల్లీ మీదికి ఎక్కించే అలవాటు మానేయాలి. మోటారు బోల్టులు వదులు చేసి, ముందుకు జరిపితే బెల్టు చేత్తోనే కూర్చుంటుంది. మెడలోని ఐడీ కార్డు తాడు కూడా తీసి పక్కన పెట్టండి.

ఇక డీహ్యుమిడిఫయర్. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక ప్రెస్సులో కాగితం తేమకు సాగి రంగులు చెదురుతుంటే విల్లిస్ క్యారియర్ ఆ గాలిలో తేమను అదుపు చేసే ఏర్పాటు రూపొందించాడు. ఇప్పుడు నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రలకీ పొడిగాలే కావాలి. ఆ పని చేసేది సిలికాజెల్ రోటర్. గంటకు కొన్ని చుట్లే తిరుగుతుంది. రోటర్‌లో పెద్ద భాగం గాలిలోని తేమను పీల్చుకుంటుంటే, మిగతా భాగం మీదుగా 120 నుంచి 140 డిగ్రీల వేడిగాలి పోయి ఆ తేమను బయటికి పంపుతుంది.

ఇక్కడ తొందరపడి మెయిన్ తీస్తేనే ప్రమాదం. హీటర్‌కు కరెంటు ఆగుతుంది గానీ దాని కాయిల్ కణకణలాడుతూనే ఉంటుంది. ఫ్యాను కూడా ఆగిపోతే ఆ వేడికి పోయే దారి లేదు. రోటర్ దెబ్బతింటుంది, మంటలూ రావచ్చు. ముందు స్టాప్ నొక్కి, ఆ వేడిగాలిని తోసే రీయాక్టివేషన్ ఫ్యాను కాయిల్‌ను చల్లార్చి తనంతట ఆగేదాకా నిలబడాలి. ఐసోలేటర్, తాళం ఆ తర్వాతే. షిఫ్ట్ అయిపోయినా సరే, ఆ కాసేపు ఉండి తీరాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లాంటి సాల్వెంట్ వాడే గది గాలిని రోటర్‌లోకి అసలు రానివ్వకండి. రోటర్ పట్టుకున్న ఆవిరి, తిరిగి తిరిగి ఆ వేడిగాలికే ఎదురుపోతుంది.

ఇక ఏహెచ్‌యూ ఫిల్టర్లు మార్చడం. రిటర్న్ ఫిల్టర్లలో ఉండేది ఉత్త దుమ్ము కాదు, మందు. యాంటీబయాటిక్ కావచ్చు, హార్మోన్ కావచ్చు. మాస్కు, గ్లౌజులు వేసుకుని, ఫిల్టర్‌ను దులపకుండా అక్కడికక్కడే సంచిలో పెట్టి మూతి కట్టండి. యూనిట్ ఆపితే గదుల మధ్య ప్రెషర్ తేడా పోయి పొడి పక్క గదికి పాకుతుంది. అందుకే ప్రొడక్షన్‌వాళ్లకు ముందే చెప్పండి.

చివరిగా ఒక్కమాట అడుగుతున్నాను. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని హై టెంపరేచర్ కటౌట్‌కు జంపర్ వేసిన యూనిట్ మీ ప్లాంటులో ఉంటే, ఈ రాత్రి షిఫ్ట్‌లోనే ఆ వైరు తీయించండి. రీయాక్టివేషన్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో, ఫ్యాను సరిగా తిరగడం లేదేమో చూడండి. బ్యాచ్ ఆగుతుందంటే ఆగనివ్వండి.