వేడినీళ్ళ మూర్ఛ

మిరపకాయ కొరికితే నోరు మండుతుంది. చిత్రమేమిటంటే కారం అనేది అసలు రుచే కాదు. సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడి తగిలితే కనిపెట్టి మెదడుకు కబురు పంపే కావలివాడు ఒకడు మన నరాల కొసల్లో ఉంటాడు. మిరపలోని కాప్సైసిన్ అనే పదార్థం అతణ్ణే తట్టి లేపుతుంది. నోట్లో నిప్పు లేకపోయినా ఉందనే మెదడు నమ్ముతుంది. ఈ గుట్టు విప్పిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

వేడి విషయంలో మెదడు ఇలా మోసపోవడం మనకు నవ్వు తెప్పిస్తుంది. కానీ అదే వేడికి కొందరి మెదడు పూర్తిగా తబ్బిబ్బయిపోతుంది. అది నవ్వుకునే సంగతి కాదు, పైగా మన ప్రాంతానికి మరీ దగ్గరి సంగతి.

ఆదివారమో, పండుగనాడో, అండాలో నీళ్ళు కాగుతుంటాయి. తల్లి పిల్లవాడికి నూనె అంటి, సీకాయ రుద్ది, చెంబుతో నెత్తిన గబగబా నీళ్ళు పోస్తుంది. నాలుగైదు చెంబులయ్యేసరికి పిల్లవాడి చూపు నిలిచిపోతుంది. పిలిస్తే పలకడు. లేదంటే అర్థంలేని మాటలేవో గొణుగుతాడు. ఒక్కోసారి అక్కడే ఒరిగిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు. కాసేపటికి తేరుకుని, ఏం జరిగిందో తెలియక బిక్కమొహం వేస్తాడు.

ఇలా జరిగితే మన ఊళ్ళలో ఏమంటారో మీకు తెలియనిది కాదు. గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. ఆడపిల్లయితే సంబంధాలు చెడతాయని గడప దాటనివ్వరు ఆ మాట. కొందరైతే తలస్నానమే మాన్పించేస్తారు.

వైద్యులు దీనికి వేడినీళ్ళ మూర్ఛ అని పేరు పెట్టారు. ప్రపంచంలో మొదట దీన్ని 1945లో న్యూజీలాండులో నమోదు చేశారు. ఎక్కువగా కనబడింది మాత్రం దక్షిణ భారతంలో, అందులోనూ దక్షిణ కర్ణాటకలో. బెంగుళూరు నరాల వైద్యులు డాక్టర్ కె. ఎస్. మణి బృందం 1972లో అరవైమంది రోగుల వివరాలు ప్రకటించింది. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో డాక్టర్ పి. సతీశ్‌చంద్ర, ఆయన సహచరులు 1988లో 279 మంది సంగతులు వెల్లడించారు. యళందూరు ప్రాంతంలో జరిపిన సర్వే ఫలితాలు 1998లో వచ్చాయి. అక్కడ మూర్ఛ ఉన్న ప్రతి వందమందిలో దాదాపు ఏడుగురిది ఈ రకమేనని తేలింది.

ఇక్కడే ఎందుకు ఇంత ఎక్కువ? మన స్నానం పద్ధతి ఒక కారణం. నలభై నుంచి యాభై డిగ్రీల దాకా కాగిన నీళ్ళను చెంబు వెంట చెంబుగా నెత్తిన పోసుకోవడం మనకు అలవాటు. అవే నీళ్ళు ఒంటిమీద పోసుకుంటే సాధారణంగా ఏమీ కాదు. నెత్తిన పడాలి. అయితే అలవాటు ఒక్కటే కారణమైతే కోలారు నుంచి మదనపల్లె దాకా, పావగడ నుంచి హోసూరు దాకా ప్రతి ఇంట్లోనూ ఈ జబ్బు ఉండాలి కదా! కొన్ని కుటుంబాలలో తరతరాలుగా వస్తోంది. బెంగుళూరు జక్కూరులోని జవాహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రం వారు అలాంటి కుటుంబాలను పరీక్షించి, దీనితో ముడిపడ్డ చోట్లను క్రోమోజోములలో గుర్తించారు. మెదడు అడుగున బాదంగింజంత భాగం ఒకటుంది. ఒంటి వేడిని అదుపులో ఉంచే పని దానిది. వీరిలో ఆ అదుపు పుట్టుకతోనే కొంచెం సడలి ఉంటుందని శాస్త్రవేత్తల అనుమానం.

ఇంకో వింత. ఈ మూర్ఛ వచ్చే క్షణంలో కొందరికి చెప్పలేని హాయి కలుగుతుందట. వద్దన్నా వినకుండా ఇంకా వేడి నీళ్ళు పోసుకుంటూనే ఉంటారు. అలాంటి పిల్లవాణ్ణి మొండివాడని కొట్టి ప్రయోజనం లేదు.

దీనికి ఉపాయం సులువు. నీళ్ళు గోరువెచ్చగా, ఇంకా చెప్పాలంటే చల్లగా ఉండాలి. ముందు ఒళ్ళు కడిగి, తల చివర కొద్దికొద్దిగా తడపాలి. అప్పటికీ వస్తుంటే తలస్నానానికి గంటన్నర, రెండు గంటల ముందు మింగే మాత్ర ఉంది, క్లోబజామ్ అని. డాక్టరు రాసిస్తేనే వాడాలి. స్నానంతో సంబంధం లేకుండా కూడా మూర్ఛ వచ్చేవారు కొందరుంటారు. వారికి రోజూ మందులు తప్పవు. స్నానాల గదికి లోపలి గడియ వేసుకోనివ్వకండి. కాగుతున్న నీళ్ళు, పొయ్యి దూరంగా ఉండాలి.

ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టకండి, నీళ్ళు పోయకండి. చేతిలో తాళంచెవి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తాలి.

పెళ్ళి మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. మూర్ఛ ఉన్నవారి వివాహం చెల్లదనే అంశం ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో ఉండేది. 1999లో దాన్ని తొలగించారు. ఇంకా దాచుకోవలసిన పని లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మెదడుకు తీగలు పెట్టి ఇ.ఇ.జి. తీస్తారు. ఈ జబ్బులో, మూర్ఛ లేని సమయంలో తీసిన ఆ పరీక్ష చాలామందికి బాగానే ఉన్నట్లు చూపిస్తుంది. కాబట్టి జబ్బు పట్టుబడేది ఎక్కువగా మీ మాటతోనే. మూర్ఛ వచ్చినప్పుడు పిల్లవాడు స్నానం చేస్తున్నాడా, నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయి, ఎన్నో చెంబుకు చూపు నిలిచింది, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయిందా – ఇవన్నీ, డాక్టరు అడగకపోయినా సరే, పక్కనుండి చూసిన తల్లే చెప్పాలి.