వెలయు, విలువయు

మా ప్రాంతమున పూర్వము బండి కావలసిన రైతునకు రెండు త్రోవలుండెడివి. కఱ్ఱ తానే కొని, వడ్రంగిని పిలిపించి, చక్రములు, ఇరుసు, నొగలు ఒక్కొక్కటిగా కన్నుల యెదుట చేయించుకొనుట యొకటి. సంతలో రంగులు పూసి నిలిపిన బండిని బేరమాడి తోలుకొని వచ్చుట రెండవది. మొదటిదానికి ఓపిక కావలెను. రెండవదానికి రొక్కము చాలును. అయితే తెలిసిన రైతు సంతబండి యొద్ద రంగు చూచెడివాడు కాడు; వంగి ఇరుసు చూచెడివాడు.

నేటి నా ప్రసంగ విషయము బండి కాదు, కంప్యూటరు. అందును, ముందుగనే కూర్చి, పెట్టెలో పెట్టి అమ్మెడి గేమింగ్ కంప్యూటరు. అది అడిగిన వెలకు తగునా, తగదా యనునది ప్రశ్న. ఇరుసు మాటను మాత్రము శ్రోతలు కడవఱకు గుర్తుంచుకొందురుగాక.

ఈ ప్రశ్న నాకు పుస్తకములో ఎదురైనది కాదు. ఏర్పేడులో మా చెల్లెలి యింటి వసారాలో ఎదురైనది. మా మేనల్లుడు ఇంటర్మీడియట్ ముగించి, గేమింగ్ కంప్యూటరు కావలెనని కోరినాడు. వెల లక్ష రూపాయల పైమాట. మా చెల్లెలు రెండు పాడియావుల మీద కూడబెట్టిన సొమ్ము సుమారుగా అంతే. ఆమె నాతో, "ఏడాది పాల దుడ్లు అన్నా అవి. ఆటలాడే దానికి అంత పోసేదా? నువ్వే చెప్పు" అన్నది. పిల్లవాడు తల వంచుకొని, "ఆడుకోనని అబద్ధం చెప్పను మామా, ఆడుకుంటా. బొమ్మలు కదిలించే పని గూడా నేర్చుకుంటా" అన్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చినది. కాని నిజాయితీ వేఱు, లెక్క వేఱు. లెక్క చూడక "కొను" అనుటయు, "వద్దు" అనుటయు రెండును సులభములే.

మొదట ఆట యను మాటను గూర్చి. గేమింగ్ కంప్యూటరనగానే పెద్దలకు జూదము జ్ఞాపకము వచ్చును. పందెము కట్టి ఆడెడి ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు 2025వ సంవత్సరమున పార్లమెంటు శాసనమే చేసినది. ఆ వ్యసనమునకు లక్ష రూపాయల యంత్రము అక్కఱలేదు. చేతిలోని సెల్‌ఫోనే చాలును. గేమింగ్ కంప్యూటరునకు ప్రత్యేకత తెచ్చునది గ్రాఫిక్స్ కార్డు. తెరమీది చిత్రమును లక్షలాది చుక్కలుగా విభజించి, ఆ చుక్కల లెక్కలను ఒకటి వెనుక ఒకటిగా గాక అనేకము ఒక్కమారుగా చేయుట దాని పని. ఆటలోని కొండను చూపునదియు, చలనచిత్రపు బొమ్మను కదిలించునదియు, ఇంజనీరు గీసిన వంతెనను తెరపై త్రిప్పి చూపునదియు అదియే. కనుక యంత్రమును నిందింప పనిలేదు. అడుగవలసినది దాని వెలను గూర్చియే.

ఇక కూర్చుట యను మాట. 1981వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును బయట దొరకెడి భాగములతో నిర్మించి విడుదల చేసినది. నాటినుండి ఇతరులును ఆ పద్ధతినే అనుసరించుటచేత, ఒకరు చేసిన భాగము మఱియొకరు చేసిన భాగముతో కలియు ఆచారము ఏర్పడినది. అందుచేతనే చెన్నపట్నపు రిచీ వీధిలోను, సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులోను ఒక్కొక్క భాగమును విడివిడిగా కొని, కంప్యూటరును కూర్పించుకొనుట సాధ్యమైనది. వడ్రంగిచే బండి చేయించుకొను పాతత్రోవ ఇక్కడ క్రొత్తగా తెఱచుకొన్నదన్నమాట.

మేము తిరుపతికి పోయి మొదట చూచిన పెట్టెకు ప్రక్కన గాజుపలక, లోపల ఏడురంగుల దీపములు ఉన్నవి. వెల 1,08,000 రూపాయలు, తెర లేకుండ. నేను దుకాణములో మాటాడక ఇంటికి వచ్చి, మేనల్లునిచే కాగితముపై ఒక లెక్క వ్రాయించితిని. ఆ దినమున విడిగా కొన్నచో ప్రాసెసరు 14,500. మదర్ బోర్డు 10,500. గ్రాఫిక్స్ కార్డు 31,000. పదునాఱు జీబీల ర్యామ్ 14,000. ఒక టీబీ ఎస్.ఎస్.డి. 9,000, పవర్ సప్లై 5,500, పెట్టెయు పంకాలును 5,500. మొత్తము 90,000 రూపాయలు. తేడా 18,000.

ఈ తేడాను చూచి వర్తకుని దొంగయనుట తొందరపాటు. అందులో విండోస్ లైసెన్సు వెల యున్నది. దానిని మేము ఎనిమిది వేలుగా లెక్కించితిమి. విడిభాగములు కొనువారు తఱచు దీనిని మఱచి, తరువాత దొంగప్రతిని ఎక్కించుకొని, లాభించితిమని సంతోషింతురు. అది లాభము కాదు. ఇక మిగిలినవి పదివేలు. అందులో కూర్చిన వాని కూలి, పరీక్షించిన శ్రమ, చెడిపోయినచో బాగుచేయుదునన్న మాట వెల, వర్తకుని లాభము ఇమిడియున్నవి. కావున ప్రశ్న లక్ష రూపాయలను గూర్చినది కాదు. ఈ పదివేలను గూర్చినది. పెద్ద మొత్తమును చూచి బెదరువాడు చిన్న మొత్తమును చూడజాలడు. మోసము ఉన్నచో అక్కడనే ఉండును.

ఇప్పుడు ఇరుసు సంగతి. మేము మరల పోయి, భాగములన్నిటి పేర్లు వ్రాసి యిమ్మని కోరితిమి. ప్రాసెసరు పేరు, గ్రాఫిక్స్ కార్డు పేరు వెంటనే వచ్చినవి. పవర్ సప్లై యెవరిదని అడుగగా, "మంచిదే సార్" అన్నారు. మదర్ బోర్డు యేదనగా, "దానికి సరిపోయేదే" అన్నారు. మంచిది యనునది పేరు కాదు గదా!

పవర్ సప్లై యనునది ఇంటి కరెంటును యంత్రమునకు తగినట్లు మార్చి యిచ్చు భాగము. అది నాసిది యైనచో తాను చెడుటయే గాక, ముప్పదివేల కార్డును కూడ చెఱుపగలదు. దానిపై 80 ప్లస్ అను గుర్తు ఉండును. తీసికొన్న విద్యుత్తులో నూటికి ఎనుబది పాళ్లైనను పనికి వచ్చుననియే ఆ గుర్తునకు అర్థము. రక్షణ యంతయు కలదని కాదు. కనుక గుర్తుతోపాటు తయారీదారు పేరును, ఎన్నేండ్ల వారంటీ యున్నదో దానిని అడుగవలెను. మదర్ బోర్డు విషయమందును అట్లే. కొన్ని సంస్థలు తమ పెట్టెకు తప్ప వేఱొకదానికి అమరని బోర్డును, పవర్ సప్లైని వాడును. నాలుగేండ్ల తరువాత ఒక భాగము మార్చదలచినచో మొత్తము మార్చవలసివచ్చును.

ర్యామ్ సంగతియు చూడదగినది. పదునాఱు జీబీలు ఒకే పలకగా నున్న యంత్రముకంటె, ఎనిమిదేసి జీబీల పలకలు రెండున్న యంత్రము అనేకమైన ఆటలలో చురుకుగా నడచును; ఏలన రాకపోకలకు రెండు దారులుండును. మొత్తమొక్కటే గనుక ప్రకటనలో ఈ భేదము కనబడదు.

పేరు చెప్పినంత మాత్రమున సంశయము తీరునా? అదియు లేదు. 2016లో ఎన్విడియా సంస్థవారి జి.టి.ఎక్స్. 1060 అను పేరున రెండు కార్డులు వెలువడినవి. ఒకటి 6 జీబీలది, మఱియొకటి 3 జీబీలది. భేదము జ్ఞాపకశక్తియందే యని పెక్కురు తలంతురు. కాని మొదటిదానిలో 1280 గణన విభాగములుండగా, రెండవదానిలో 1152 మాత్రమే యుండెను. 2022 సెప్టెంబరులో ఆ సంస్థయే ఆర్.టి.ఎక్స్. 4080 అను పేరున రెండు వేఱువేఱు శక్తులుగల కార్డులను ప్రకటించి, విమర్శలు రాగా, అక్టోబరులో చిన్నదానిని ఉపసంహరించుకొన్నది. కనుక పూర్తి పేరు, జీబీల సంఖ్యతో సహా, బిల్లుపై వ్రాయించుకొనవలెను.

వారంటీ యను మాటను కూడ విప్పి చూడవలెను. కూర్చిన కంప్యూటరునకు తఱచు ఒక సంవత్సరము వారంటీ యిత్తురు. విడిగా కొన్న ప్రాసెసరునకును, గ్రాఫిక్స్ కార్డునకును సాధారణముగా మూడేండ్లుండును. అనగా ఎక్కువ వెల యిచ్చినవానికి తక్కువ కాలపు భరోసా లభించుట కూడ కలదు. అయితే విడిగా కొన్నవాడు ఏ భాగము చెడినదో తానే కనిపెట్టి, ఆయా సంస్థ గుమ్మము తానే యెక్కవలెను. కూర్చినది కొన్నవానికి గుమ్మమొక్కటే. "భాగముల తయారీదారులిచ్చు వారంటీ నాకు వర్తించునా?" అని కొనకముందే అడిగినవానికి ఈ చిక్కు సగము తీరును.

గుమ్మము ఎంత దూరమున నున్నదనునది మా ఊరివంటి ఊళ్లకు ముఖ్యమైన ప్రశ్న. నేడు ఏర్పేడు మండలమున ఐ.ఐ.టి. యున్నది, ఐసర్ యున్నది. వికృతమాల యొద్ద ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయమున టి.వి. తెరల కర్మాగారము 2022లో ప్రారంభమైనది. అయినను మా వీధిలో కంప్యూటరు ఆగిపోయినచో పెట్టెను బస్సెక్కించి రేణిగుంట మీదుగా తిరుపతికి మోసికొని పోవలసినదే. మఱి వేసవిలో మా ఎండలు నలుబది డిగ్రీలు దాటును. వేడి యెక్కువైనచో యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును; మఱియు మితిమీఱినచో ఆగిపోవును. కాబట్టి మాకు దీపములకన్న గాలి ముఖ్యము. ముందు వైపున అద్దమున్న పెట్టెకంటె, గాలి లోనికి పోవు జల్లెడవంటి ముఖమున్న పెట్టె మేలు. కరెంటు తటాలున పోయెడి చోట యు.పి.ఎస్. వెలను కూడ మొదటి లెక్కలోనే చేర్చవలెను.

ఈ లెక్క యెల్లకాలమును ఒక్కతీరున నిలువదని కూడ చెప్పవలెను. 2020, 2021 సంవత్సరములలో కరోనా వలన చిప్పుల కొఱత యేర్పడినది. క్రిప్టో నాణెముల లెక్కలకై గ్రాఫిక్స్ కార్డులను గుంపులుగా కొన్నారు. విడి కార్డుల వెలలు ఆకాశమంటినవి. అప్పుడు కూర్చిన పెట్టెయే కొన్ని పర్యాయములు చౌకగా దొరకినది. 2025 చివర మరల అట్టి వింతయే ర్యామ్ విషయమున సంభవించినది. కృత్రిమమేధకై నిర్మించు మహాయంత్రశాలలు జ్ఞాపకపు చిప్పులను మ్రింగుచుండుటచేత విడిపలకల వెలలు ఎగసినవి. పాత వెలకు నిల్వచేసికొన్న వర్తకుడు అట్టి సమయమున మనకంటె చౌకగా కూర్చగలడు. కనుక నిరుడు ఎవరో చెప్పిన తీర్పు ఈ యేటికి పనికిరాదు. కొనెడి దినమున కాగితము తీసి క్రొత్తగా కూడవలెను.

మొదటి పెట్టెను మేము తీసికొనలేదు. తేడా పదివేలైనందుకు కాదు. రెండు భాగములకు పేరు లేనందుకు. మేము లెక్కలో మంచి సరుకు వెలలు వేసితిమి. లోపల నాసి సరుకున్నచో అసలు తేడా ఇంకను ఎక్కువ గదా! రెండవ చోట ఒక వర్తకుడు ఏడు భాగముల పేర్లును బిల్లుపై వ్రాసి, విండోస్ లైసెన్సుతో సహా 1,02,000 అడిగినాడు. దీపములు లేవు. లైసెన్సు పోగా తేడా నాలుగువేలు. దానిని మా చెల్లెలికి చూపి, "అమ్మా, ఈ నాలుగువేలు కూలికి, మాటకు" అని చెప్పితిని. ఆమె కొంతసేపు కాగితము చూచి, "మాటకయితే ఇయ్యొచ్చులే అన్నా" అన్నది. ఆ వచ్చిన మే నెలలో ఒక పంకా ఆగి, యంత్రము మాటిమాటికి ఆగిపోజొచ్చినది. వర్తకుడు నాలుగవ నాటికి పంకా మార్చి యిచ్చినాడు. ఆ నాలుగువేలు అప్పుడు తమ పని చేసినవి.

అయితే కథ యింతటితో ముగిసినదన్నచో పక్షపాతమగును. మావాని స్నేహితుడొకడు అదే నెలలో భాగములు విడిగా కొని, తానే కూర్చుకొన్నాడు. మొదటి దినమున తెర వెలుగలేదు. మూడు రాత్రులు ఒక్కొక్కటి విప్పి, పెట్టి, ర్యామ్ పలక సరిగా కూర్చుండలేదని కనిపెట్టినాడు. నేడు మా వీధిలో ఎవరి కంప్యూటరు ఆగినను మొదట పిలుచునది ఆ పిల్లవానినే. మావాడు కొన్నది భరోసా. అతడు సంపాదించినది విద్య. రెండింటికిని వెల కలదు. ఒకదానిని రూపాయలలో చెల్లింతురు, రెండవదానిని రాత్రులలో చెల్లింతురు.

కాబట్టి కూర్చిన యంత్రము కొనదలచినవారు మూడు పనులు చేసిన చాలును. భాగములన్నిటి పూర్తి పేర్లు వ్రాయించుకొనుట. ఆనాటి వెలలు కూడి తేడా తీయుట. ఆ తేడాకు ప్రతిగా ఏమి లభించునో తెలిసికొనుట. తేడాకు సమాధానమున్నచో సంకోచింప పనిలేదు. పేరు చెప్పని భాగమున్నచో, వెల ఎంత తక్కువైనను, ఆ పెట్టె వదలుటయే మేలు. పైన పటారము, లోన లొటారము అను సామెత మనవారు ఊరక పుట్టింపలేదు.

ఇపుడు సాయంకాలములందు మా చెల్లెలు పాలు పితికి వచ్చి, కొడుకు వెనుక నిలుచుండి తెర చూచుచుండును. వాడొక ఆవు బొమ్మ గీసి నడిపింప యత్నించుచున్నాడు. ఆ ఆవు ఇంకను కుంటుచునే యున్నది. "వెనక కాలు అట్లా పెట్టదురా" అని ఆమె దిద్దుచుండును. వెల కాగితముపై తేలినది. విలువ ఇట్లు మెల్లమెల్లగా తేలుచున్నది.

సెలవు.