గోదావరి ఒడ్డున పగడాల తొట్టి
బాసర దగ్గర గోదావరిలో పారేది మంచినీరు. పగడాల అక్వేరియానికి కావలసింది ఉప్పునీరు. ఆర్వో నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపితే అది తయారవుతుంది. వంట ఉప్పు చాలదు. పగడాలు ఎదగడానికి కాల్షియం, మెగ్నీషియం కూడా కావాలి.

రాళ్లు పేర్చి, నీరు నింపి, పంపు ఆడించగానే చేపలు వేయకూడదు. అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లపై స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. పరీక్షలో మొదటి రెండూ సున్నా చూపాకే ఒకటి రెండు చేపలు. పగడాలు ఆ తర్వాత.

ఇక్కడి వేసవి ఎండ 40 డిగ్రీలు దాటినా, తొట్టి నీరు 25, 26 డిగ్రీల దగ్గరే ఉండాలి. అందుకు చిల్లర్ అవసరం. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కనుక తగ్గినంత మేరకు ఉప్పు కలపని ఆర్వో నీరే పోయాలి. ఇక పగడాల విషయానికొస్తే, మన సముద్రాల రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది; వాటిని సేకరించడం, అమ్మడం నేరం.